కిరీటం వచ్చిన వారం

మూడో రోజు సూప్ కూడా పారబోయాల్సి వచ్చింది.

దియోలిండా పెద్ద కుండను సింకు అంచుకు ఆనించి వంచుతోంది. కేల్ ఆకులూ సాసేజి ముక్కలూ చిల్లుల గిన్నెలో పడి ఆగుతున్నాయి. ఆదివారం నలభై మందికి వండింది. సోమవారం నలభై మందికి వండింది. నిన్న మంగళవారమూ అంతే. ఈ ఉదయం మళ్ళీ ఆకు తరిగి, బంగాళాదుంపలు చెక్కు తీసి పెట్టుకుంది.

"ఇవాళ కాస్త తక్కువ వండకూడదా అమ్మా," అంది ఆల్డినా.

"తక్కువ వండితే, వచ్చినవాళ్ళకి చాలకపోతే?"

"వస్తే కదా."

 తల్లి కుండను బోర్లించి పీచుతో తోమడం మొదలుపెట్టింది. తోమిన చోటే తోముతోంది.

ముందుగదిలో కిటికీ దగ్గర, తెల్లటి లేసు గుడ్డ పరిచిన బల్ల మీద, కాగితపు పూల మధ్య పరిశుద్ధాత్మ కిరీటం ఉంది. వెండి కిరీటం, దాని కొసన బొటనవేలంత వెండి పావురం. ఈస్టర్ తర్వాత ఏడు వారాలు ఏడు ఇళ్ళలో ఉంటుందది. చీటీల్లో ఎవరి పేరు వస్తే వాళ్ళింటికి వస్తుంది. దియోలిండా పేరు రావడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. కిరీటం ఉన్న ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి జపమాల, తర్వాత అందరికీ భోజనం. ఎవర్నీ పిలవక్కర్లేదు, తలుపు తీసి ఉంచితే చాలు.

తలుపు తీసే ఉంది. పండుగ జరిపే సమాజం హాలు నుంచి తెచ్చిన మడతకుర్చీలు నలభై, వరసగా వేసినవి వేసినట్టే ఉన్నాయి. మూడు సాయంత్రాలుగా వాటిలో ఒక్కటి కూడా కదల్లేదు.

వీధిలో మాత్రం మనుషులు వెళ్తూనే ఉన్నారు. ఈ ఇంటి ముందుకు రాగానే అడుగు పెద్దది చేస్తున్నారు.

* * *

మధ్యాహ్నం నొర్బెర్తో వెనక మెట్ల మీంచి వచ్చాడు. పదకొండు రోజులు సముద్రం మీద ఉండి, పొద్దున్నే న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో పడవ దిగాడు. మూడో అంతస్తులో అతని వాటా ఉంది. ఎప్పుడొచ్చినా ముందు అక్కడికెళ్ళి స్నానం చేసి కిందికొస్తాడు. ఇవాళ బూట్లతోనే వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఒంటి నిండా ఉప్పు వాసన.

"పడవ కట్టకముందే చెప్పారు నాకు," అన్నాడు చెల్లెలితో. "ఐసు మోసేవాడు చెప్పాడు. 'మీ అమ్మ ఫోన్లో వచ్చే ప్రకటనలో ఎంత బాగా మాట్లాడిందిరా, మా పిన్ని ఇల్లు అమ్మిన సొమ్మంతా తీసుకెళ్ళి అక్కడ పోసింది' అని. నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు నీకు చూపించాల్సింది."

"కూర్చో అన్నయ్యా."

"కూర్చోను. ఏం జరిగిందో చెప్పు."

"మా కంపెనీ చెల్లింపులు ఆపేసింది. రెండు వారాలైంది. ప్రావిడెన్స్ ఆఫీసుకి తాళం వేశారు. నాకూ తెలీదు, నేను కూడా మోసపోయినదాన్నే. డబ్బు లోపలికి వెళ్ళాక ఎటు పోతుందో నేనెప్పుడూ చూడలేదు. నా పని ప్రకటనలు చేసి, జనాన్ని తలుపు దాకా తీసుకురావడం. లోపల ఏం చేస్తారో..."

"గాలానికి ఎర గుచ్చేవాడు కూడా అదే అంటాడు. చేపని కోసేది నేను కాదు గదా అని."

ఆల్డినా తల దించుకుంది.

"ఎరగా ఎవర్ని గుచ్చావు? అమ్మని. నీకు ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?"

దొరికారు. ముందు వేరేవాళ్ళతోనే చేసింది ఆల్డినా. తెల్ల జుట్టు పెద్దమనిషి పడవ నడిపే ప్రకటన ఒకటి, ముసలి దంపతులు బీచిలో నడిచేది ఒకటి, లాభం పెరుగుతోందని పైకి పాకే గీతతో ఒకటి. జనం వాటిని వేలితో పక్కకి తోసేశారు. లాంటర్న్ కోవ్ పెట్టుబడుల సంస్థలో ఏ ప్రకటన దగ్గర ఎన్ని క్షణాలు చూపు నిలిచిందో పొద్దున్నే ఆమె బల్ల మీదకి లెక్క వచ్చేది. ఒక క్షణం. ఒకటిన్నర. ఆఫీసు పెద్ద హాస్కెల్ ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగి ఆమె ముందు వేసేవాడు.

అప్పుడు తల్లిని వీడియో తీసింది. ఇదే వంటింట్లో. నల్ల గౌను మీద పిండి మరకలతో, తీపి రొట్టె పిండి పిసుకుతూ, దియోలిండా నెమ్మదిగా, ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పింది: మా ఆయన పోయాక నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు నా డబ్బు లాంటర్న్ కోవ్‌లో ఉంది. హాయిగా పడుకుంటున్నాను.

చూపు పందొమ్మిది క్షణాలు నిలిచింది. హాస్కెల్ ఆ రోజు అందరికీ కాఫీ తెప్పించాడు.

"అమ్మా, నీ డబ్బు నిజంగా అక్కడుందా?" అడిగాడు నొర్బెర్తో.

"నా డబ్బేముంది నాయనా. మీ నాన్న పింఛను. అది బాంకులో ఉంటుంది, నెలాఖరుకి అయిపోతుంది."

"మరి ఉందని ఎందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదు," అంది దియోలిండా. "చదివాను."

నొర్బెర్తోకి అర్థం కాలేదు.

"కాగితం మీద రాసి గోడకి అంటించింది చెల్లి. నేను చదివాను. ఒక్క తప్పు కూడా పోలేదు." కొంచెం ఆగి అంది. "ఆఫీసువాళ్ళకి మా అమ్మ చదువుతుందని చూపించుకుంటోంది కాబోలనుకున్నాను."

చర్చి కింది గదిలో పెట్టిన తరగతికి వెళ్ళి అరవై ఒకటో ఏట అక్షరాలు దిద్దుకుంది దియోలిండా. అంతకుముందు ముప్పయ్యేళ్ళు దుస్తుల మిల్లులో సంచుల మీద అంకెలు చూసి గుర్తుపట్టేది, అంతే. నొర్బెర్తో తల్లి ముఖం చూశాడు. తర్వాత చెల్లెలి ముఖం చూశాడు. 

* * *

"ఇంకొకటి ఉంది," అంది ఆల్డినా. "ఎలాగూ చెప్పాలి."

సంచీలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. హాస్కెల్ వకీలు పంపిన, ఖాతా తెరిచే దరఖాస్తు. దియోలిండా పేరున, కిందటి సెప్టెంబరు తేదీ వేసి ఉంది.

"అమ్మ సంతకం పెడితే, ప్రకటన తీసేనాటికే ఖాతాదారు అయినట్టు. పెట్టకపోతే, ఖాతాదారు కాని మనిషిని ఖాతాదారని చూపించినట్టు. అది నేరం. ఆ ప్రకటన నడపమని కింద సంతకం పెట్టింది నేను."

"వాళ్ళు పెట్టమన్నారా?"

"పెట్టమన్నారు. చదవకుండా పెట్టాను."

"మన ఇంట్లో చదువొచ్చినవాళ్ళు చదవరు, ఇప్పుడిప్పుడే నేర్చుకున్నావిడ చదివి ముంచింది," అన్నాడు నొర్బెర్తో. "భలే ఉంది."

"నన్ను జైల్లో పెడతారు అన్నయ్యా."

ఆ మాటకి అతను గోడకి తిరిగాడు. గోడను కొడతాడేమో అనుకుంది ఆల్డినా. కొట్టలేదు. అరచేయి మాత్రం ఆనించి నిలబడ్డాడు.

దియోలిండా కవరు ముట్టుకోలేదు. ఆమె ఇంకేదో ఆలోచిస్తోంది.

"ఒకటి చెప్పు," అంది కూతురితో. "ఊళ్ళో ఇన్ని వేల ఫోన్లున్నాయి. నేను చదివింది సరిగ్గా మనవాళ్ళ ఫోన్లకే ఎలా వెళ్ళింది? మీ అత్త జెనోవెవాకి. బేకరీ ఆవిడకి. జపమాలకి వచ్చే ప్రతి మనిషికీ. దారి ఎవరు చూపించారు?"

ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆల్డినాకి తెలుసు. పది రోజులుగా ఈ ఇంట్లో ఉంటూ, రోజూ దాని కోసమే ఎదురుచూస్తోంది.

"పేర్లు, నంబర్లు ఇస్తే ఆ ఫోన్లకే వెళ్తుందమ్మా. వాళ్ళలాంటి వాళ్ళని కూడా అదే వెతికి పట్టుకుంటుంది. ఇల్లు అమ్మినవాళ్ళని, భర్త పోయినవాళ్ళని."

"నంబర్లు ఎవరిచ్చారు?"

"నువ్వు రాసింది. తీపి రొట్టెల జాబితా."

పండుగ ఏడు వారాల్లో ఎవరు ఏ రోజు రొట్టె చేసి తేవాలో, సమాజంలో ఉన్న నూట పన్నెండు మంది ఆడవాళ్ళ పేర్లూ, ఫోన్ నంబర్లూ దియోలిండా తన చేత్తో రాసింది. శీతాకాలమంతా పట్టింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అక్షరం అక్షరం చెప్పించుకుని రాసింది. ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఆ నాలుగు కాగితాల్ని ఒక ఆదివారం కాఫీ తాగుతూ ఫోన్‌తో ఫొటో తీసుకుంది ఆల్డినా.

దియోలిండా ఫ్రిజ్ వైపు చూడలేదు. కూతురి వైపూ చూడలేదు. చెక్క పలక దగ్గరికెళ్ళి మిగిలిన ఆకు తరగడం మొదలుపెట్టింది.

"తిట్టమ్మా," అంది ఆల్డినా. "ఏదో ఒకటి అను."

తరిగే చప్పుడు ఆగలేదు.

"ఆ కాగితం మీద అమ్మ చెయ్యి పడిందంటే, నేను మెట్లు దిగి ఈ ఇంట్లోకి రావడం ఇదే ఆఖరు," అన్నాడు నొర్బెర్తో. వెనక మెట్ల మీద అతని బూట్ల చప్పుడు మూడో అంతస్తు దాకా వినిపించింది.

* * *

ఏడు కావడానికి ఐదు నిమిషాల ముందు దియోలిండా నల్ల శాలువా కప్పుకుంది. మే నెల కావడంతో ఇంకా ఎండ పోలేదు. కిరీటం మీద పడిన వెలుతురు పైకప్పు మీద చిన్న మరకలా కదులుతోంది.

తలుపు వైపు చూస్తూ ఏడయ్యేదాకా నిలబడింది. ఏడయ్యాక మోకరిల్లింది.

జపమాలలో సగం మాట ఇంటావిడ చెప్పాలి, మిగతా సగం వచ్చినవాళ్ళు అందుకోవాలి. మూడు రోజులుగా రెండు సగాలూ ఆమే చెబుతోంది. ఆల్డినా కూడా అందుకోబోయింది కానీ, తల్లి ఆమె గొంతు కోసం ఆగడం లేదు. తన సగం అయిపోగానే తనే రెండో సగం మొదలుపెడుతోంది.

రెండో పది పూసలు తిరుగుతుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి.

జెనోవెవా వచ్చింది. దియోలిండా చనిపోయిన భర్త ఔరెలియోకి స్వయానా చెల్లెలు, ఆమెకి ఆడపడుచు, నలభై ఏళ్ళ స్నేహితురాలు. భర్త పోయాక ఇల్లు అమ్మి ఆ సొమ్మంతా లాంటర్న్ కోవ్‌లో పెట్టింది. ఇప్పుడు కూతురింట్లో నేలగదిలో, బట్టలుతికే యంత్రం పక్కన మంచం వేసుకుని పడుకుంటోంది. ఈ ఇంటికి ఉత్త చేతులతో రావడం ఎరగని మనిషి. ఇవాళ ఉత్త చేతులతో వచ్చింది.

"కూర్చో అత్తా," అంది ఆల్డినా కుర్చీ జరుపుతూ.

"నీతో కాదు నా పని." జెనోవెవా కిరీటానికి దణ్ణం పెట్టుకుని దియోలిండా ఎదురుగా నిలబడింది. "వదినా, లే. మోకాళ్ళ మీదున్న మనిషిని నేనడగలేను."

దియోలిండా బల్ల అంచు పట్టుకుని లేచింది.

"రెండు వారాల్నుంచీ నిద్ర లేదు నాకు. నువ్వేమో హాయిగా పడుకుంటున్నానన్నావు."

"అన్నాను."

"ఇక్కడికి రావొద్దన్నారు అందరూ. నేనే అన్నాను, ఒక్కసారి ఆవిడ మొహం చూసి అడుగుతానని. కిరీటం ముందు అడుగుతున్నాను. నువ్వు పెట్టావా, లేదా?"

దియోలిండా కిరీటం వైపు చూసింది.

"చెప్పు వదినా. నువ్వూ పెట్టి ఉంటే, ఈ పిల్ల నిన్నూ ముంచింది. అంటే దీనికీ తెలీదన్నమాట. కన్నతల్లి సొమ్ముని తెలిసి తెలిసి ఎవరూ సముద్రంలో పోయరు. మనమంతా ఒక్క పడవలోనే ఉన్నట్టు."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఇది నీ నోటితో మా ఇళ్ళు దోచింది. రేపు ఫిర్యాదు ఇవ్వడానికి బోస్టన్‌లో రాష్ట్రం వాళ్ళ ఆఫీసుకి వెళ్తున్నాం. అక్కడ మొట్టమొదట ఎవరి పేరు చెప్పాలో, అది నీ జవాబుని బట్టి ఉంటుంది." జెనోవెవా ఆల్డినా వైపు చెయ్యి చూపింది. "నా చేతుల్లో పెరిగిన పిల్ల. దాని పేరు నా నోటితో చెప్పించకు."

ఇప్పుడే చెప్పాలి, అనుకుంది ఆల్డినా. అమ్మ పెట్టలేదు అత్తా, తప్పంతా నాదే. ఎనిమిదో తొమ్మిదో మాటలు, అంతే. జనం చూపు నిలిచేలా మాటలు పేర్చడమే తొమ్మిదేళ్ళుగా తన ఉద్యోగం. ఆమె మాత్రం జరిపిన కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పెట్టాను," అంది దియోలిండా.

"నిజంగా?"

"నీకంటే ముందే పెట్టాను."

జెనోవెవా కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఓసి పిచ్చిదానా," అంది. "ఓసి నా పిచ్చి వదినా. ముందే చెప్పొద్దూ. నీ ఒక్కదాని మీద మేమంతా పగబట్టి కూర్చున్నామే."

ఆల్డినాకి ముందు ఒళ్ళంతా తేలికైంది. బతికిపోయాననుకుంది. తర్వాత తల్లి వైపు చూసింది. దియోలిండా శాలువా అంచుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటోంది.

జెనోవెవా కిటికీ దగ్గరికెళ్ళి వీధిలోకి కేకేసింది. "రండే. ఆవిడదీ పోయిందట."

* * *

కింద రెండు కార్లలో కూర్చుని ఉన్నారు వాళ్ళు, ఏడుగురు. ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో గుడ్డ కప్పిన తీపి రొట్టె.

"కారులో పెట్టుకునే తిరుగుతున్నారా?" అంది జెనోవెవా.

"లోపలికి రమ్మంటే ఇద్దాం, లేదంటే వెనక్కి పట్టుకెళ్ళి మేమే తిందామనుకున్నాం," అంది బేకరీ నడిపే ఇర్మా. "నష్టపోయింది చాలు, రొట్టె కూడా ఎందుకు పోగొట్టుకోవాలి."

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వినవాళ్ళలా నవ్వారు. జపమాల మళ్ళీ మొదట్నుంచి మొదలైంది. దియోలిండా సగం చెప్పి ఆగితే, ఎనిమిది గొంతులు మిగతా సగం అందుకున్నాయి. ఆదివారం నుంచీ ఆమె ఎదురుచూసింది దీని కోసమే. ఆమె గొంతు మాత్రం ప్రతి పూసకీ సన్నబడుతూ వచ్చింది.

తర్వాత భోజనాలు. దియోలిండా గిన్నెలు నింపి అందిస్తోంది.

"ఇంత కుండ ఎందుకు వండావే తల్లీ, మేం రామని తెలిసి కూడా," అంది ఇర్మా.

"వస్తారనే వండింది," అంది జెనోవెవా. "తప్పు చెయ్యని మనిషి తలుపు తీసి కుండ పెడుతుంది. నేను చెప్పలా?"

ఆల్డినా చేతిలో గరిట కుండ అంచుకి తగిలి చప్పుడైంది. ఎవరూ అటు చూడలేదు. చూడకపోవడం కోపంతో కాదిప్పుడు. ఇర్మా దారిలో ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నీకు కూడా ద్రోహం చేశారటగా, పాపం," అని వెళ్ళింది.

"రేపు ఎనిమిదిన్నరకి బయల్దేరాలి వదినా," అంది జెనోవెవా, గిన్నె అడుగు రొట్టె ముక్కతో తుడుస్తూ. "ఆ ఆఫీసు పిల్ల ఫోన్లో చెప్పింది. ఫోన్లో కనిపించిన మనిషే స్వయంగా వచ్చి ప్రమాణం చేసి చెబితే, మా అందరి మాట కంటే దానికే బలమట. మొదటి ఫిర్యాదు నీ పేరునే రాయిద్దాం. నీ కాగితాలు తెచ్చుకో."

వరసల్లో గిన్నెల చప్పుడు ఆగింది. అందరూ దియోలిండా వైపు చూశారు, ఆశగా.

"వస్తాను," అంది దియోలిండా.

"అమ్మా," అంది ఆల్డినా. ఆ పిలుపు ఆమెకే వినిపించలేదు. తల్లి దగ్గరున్న కాగితమల్లా ఇంకా సంతకం పెట్టని ఆ దరఖాస్తే.

"ఇక ఆదివారం సంగతి," అంది ఇర్మా, బరువు దిగిన గొంతుతో. "తొమ్మిదింటికి బాండు మేళం ఇక్కడికే వస్తుంది. కిరీటాన్ని పళ్ళెంలో పెట్టి చర్చి దాకా నువ్వే మొయ్యాలి. మంచి బూట్లున్నాయా? మా అక్క పోయినేడు కొత్త బూట్లేసుకుని దారంతా కుంటింది."

"నేను మొయ్యను," అంది దియోలిండా.

మోకాళ్ళ నొప్పి అనుకున్నారు. నెమ్మదిగా నడుద్దామని ఒకరు, దారిలో రెండు చోట్ల ఆగుదామని ఇంకొకరు అన్నారు.

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి. జెనోవెవా మోస్తుంది."

 వారమంతా ఉంచుకున్న ఇంటివాళ్ళు కిరీటాన్ని ఇంకొకరి చేతికివ్వడం ఒకే ఒక్క సందర్భంలో జరుగుతుంది. ఆ వారం ఆ ఇంట్లోంచి శవం లేస్తే.

జెనోవెవా గిన్నె కింద పెట్టింది. దియోలిండా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది.

"అదేం మాట వదినా," అంది మెల్లగా. "మనింట్లో ఎవరు పోయారని?"

 దియోలిండా ఆడపడుచు చేతిని తప్పించుకుని, ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ, ఆల్డినా నిలబడ్డ వైపు తప్ప గదంతా తిరిగి వచ్చింది.